పనిముట్టు కంటే ముందు పనిని కొలవాలి: లా ఫర్మ్‌లు, కొత్త టెక్నాలజీ

1985లో డేవిడ్ బ్లెయిర్, ఎమ్. ఇ. మారన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలను ప్రచురించారు. ఒక పెద్ద దావాకు సంబంధించిన దాదాపు 40,000 పత్రాలు, అంటే సుమారు 3,50,000 పేజీలు, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉన్నాయి. కేసు నడుపుతున్న లాయర్లు తమకు ఏం కావాలో చెప్పారు. పారాలీగల్స్, అంటే లాయర్లకు సాయం చేసే సిబ్బంది, మాటలు మార్చి మార్చి వెతికి, దొరికినవి తెచ్చి ఇచ్చారు. కావలసిన పత్రాల్లో కనీసం 75 శాతం చేతికొచ్చాయని లాయర్లకు నమ్మకం కుదిరేదాకా ఈ వెతుకులాట సాగింది. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే నిజంగా దొరికినవి సగటున 20 శాతమే.

కారణం తెలుసుకోవాల్సినది. దావా ఒక ప్రమాదం గురించి. అందులో తమ తప్పు ఉందేమో అన్న భయం ఉన్నవాళ్లు ఉత్తరాల్లో ఎక్కడా ‘ప్రమాదం’ అని రాయలేదు. ‘దురదృష్టకర పరిస్థితి’ అన్నారు, ‘ఆ ఇబ్బంది’ అన్నారు, ‘మీరు కిందటి ఉత్తరంలో రాసిన విషయం’ అని ఊరుకున్నారు. ప్రమాదం అనే మాటతో వెతికితే అవి ఎలా దొరుకుతాయి? ఇంకో సంగతి కూడా ఉంది. దొరికిన పత్రాల్లో దాదాపు 79 శాతం నిజంగా పనికొచ్చేవే. చేతికొచ్చినవి బాగున్నాయి కాబట్టి అన్నీ వచ్చేశాయని లాయర్లు అనుకున్నారు. రానివి కళ్లకు కనిపించవు, కాబట్టి వాటి మీద అనుమానమూ రాలేదు.

నలభై ఏళ్ల నాటి ఈ పరీక్ష ఇవాళ ఏ లా ఫర్మ్ అయినా కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు చదవదగ్గది. ఎందుకంటే కొత్త టెక్నాలజీ గురించి చర్చ ఎప్పుడూ ‘యంత్రాన్ని నమ్మవచ్చా’ అన్న ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో ఎంత తప్పిపోతోందో మాత్రం ఎవరూ అడగరు. ఆ రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే మొదటి ప్రశ్నకు అర్థమే లేదు. ఒక సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల్లోని ప్రమాదకరమైన షరతుల్లో నూటికి 88 పట్టుకుంటుందని తేలిందనుకుందాం. అది మంచిదా, చెడ్డదా? సాయంత్రం ఏడు గంటలకు అలసిపోయి ఉన్న జూనియర్ నూటికి ఎన్ని పట్టుకుంటున్నాడో తెలిస్తేనే చెప్పగలం. చాలా ఫర్మ్‌లలో ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు.

ముందు సొంత పని మీద లెక్క

అందుకే బేరీజు వేయడం వెండర్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీని, పిలవడంతో మొదలు కాకూడదు. ఫర్మ్‌కు ఏయే రకాల పనులు వస్తున్నాయి, ఒక్కో రకం నెలకు ఎన్ని, ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతోంది, ఆ గంటల్లో బిల్లు చేయలేక వదిలేస్తున్నవి ఎన్ని, ఏ దశలో పని వెనక్కి తిరిగి వస్తోంది అన్నది రెండు మూడు నెలలు శ్రద్ధగా రాసి పెట్టుకోవాలి. ఇది సీనియర్ పార్ట్‌నర్ ఊహించి చెప్పేది కాదు. పని ఎక్కడ ఆగిపోతుందో గుమాస్తాలకు, పారాలీగల్స్‌కు, మొదటి డ్రాఫ్ట్ రాసే జూనియర్లకు తెలుస్తుంది. వాళ్లను అడగకుండా కొన్న సాఫ్ట్‌వేర్లలో చాలా వరకు లాగిన్ పాస్‌వర్డ్ మరిచిపోయే దశ దాటి ముందుకు పోవు.

ఇలా రాసి చూసుకున్న ఫర్మ్‌లకు తరచుగా ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. సమయం ఎక్కువగా పోతున్నది లోతైన న్యాయ పరిశోధన దగ్గర కాదు. ఒప్పందం చివరి ప్రతి ఏది, ‘ఫైనల్’ అని పేరున్న నాలుగు ఫైళ్లలో నిజంగా సంతకమైనది ఏది, గత ఏడాది ఇలాంటి పిటిషన్ ఎవరు రాశారు, గడువు తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉంది, ఇలాంటి వాటి దగ్గర పోతోంది. దీనికి కృత్రిమ మేధ అక్కర్లేదు. ఫైళ్లకు ఒకే పేర్ల పద్ధతి, అందరికీ కనిపించే ఒక గడువుల పట్టిక, పాత ప్రతులు భద్రంగా ఉంచే డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థ ఉంటే చాలు. పైగా ఇవి లేకుండా పైన ఎంత ఖరీదైన ఏఐ పెట్టినా, అది రద్దయిన డ్రాఫ్ట్‌నే అసలైనదిగా చదివి జవాబు చెబుతుంది.

ఉన్న పనిముట్లనే పూర్తిగా నేర్చుకోకపోవడం ఇంకో లోపం. 2019 జనవరిలో ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథి అయిన పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు అమెరికా కోర్టులో ఒక పత్రం దాఖలు చేశారు. బయటికి తెలియకూడని వాక్యాల మీద నల్ల పట్టీలు ఉన్నాయి. కానీ పట్టీ కింద అక్షరాలు అలాగే ఉండిపోయాయి. కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేసిన విలేకరులకు మొత్తం కనిపించింది. అది కొత్త టెక్నాలజీ కాదు, ప్రతి ఆఫీసులో ఏళ్లుగా ఉన్న పీడీఎఫ్. దాచాల్సిన అక్షరాన్ని కప్పడం వేరు, ఫైలులోంచి తీసేయడం వేరు అన్న చిన్న తేడా తెలియకపోవడం వల్ల వచ్చిన నష్టం అది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు బడ్జెట్ అడిగే ముందు, చేతిలో ఉన్నవాటి వాడకం ఎలా ఉందో ఒకసారి చూసుకోవడం ఏ ఫర్మ్‌కైనా మేలు.

డెమో కాదు, పాత ఫైళ్లు

వెండర్ డెమోలో అంతా సజావుగా సాగుతుంది. శుభ్రంగా టైప్ చేసిన ఒప్పందం, ముందే అనుకున్న ప్రశ్న, క్షణాల్లో జవాబు. అరచేతిలో వైకుంఠం చూపించడం అంటే ఇదే. ఫర్మ్‌లోకి వచ్చే పత్రాలు అలా ఉండవు. వంకరగా స్కాన్ చేసినవి ఉంటాయి, మార్జిన్‌లో పెన్నుతో దిద్దినవి ఉంటాయి, ఒక ఒప్పందానికి మూడు సవరణలు వేరువేరు ఈమెయిళ్లలో ఉంటాయి.

కాబట్టి పరీక్ష పెట్టాల్సింది ఫర్మ్ సొంత పాత ఫైళ్ల మీద. ముగిసిపోయిన, జవాబు తెలిసిన పనులు తీసుకోవాలి. ఉదాహరణకు అనుభవమున్న లాయర్లు ఇప్పటికే క్షుణ్ణంగా చదివిన 50 ఒప్పందాలు. వాటిలో ఏయే షరతులు ఉన్నాయో జాబితా ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ ఒప్పందాల్లో సగం కష్టమైనవే అయి ఉండాలి. క్లయింట్ రహస్యాలు వెండర్ చేతికి పోకుండా పేర్లు, వివరాలు తీసేయాలి, లేదా గోప్యత ఒప్పందం ముందే కుదుర్చుకోవాలి. తర్వాత అవే ఫైళ్లను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, అదే సమయంలో ఆ ఫైళ్లు ఎన్నడూ చూడని ఒక జూనియర్‌కు కూడా ఇచ్చి, ఇద్దరి ఫలితాలూ జాబితాతో పోల్చాలి.

పోల్చేటప్పుడు రెండు రకాల తప్పులను విడివిడిగా లెక్కపెట్టాలి. ఉన్నదాన్ని వదిలేయడం ఒకటి. లేనిదాన్ని ఉందనడం రెండోది. రెండూ కలిపి ఒకే శాతంగా చెబితే అసలు విషయం మరుగున పడుతుంది. రెండోది విసుగు పుట్టిస్తుంది, సమయం తింటుంది, కానీ మనిషి చూస్తే బయటపడుతుంది. మొదటిది ఎవరికీ కనిపించకుండా క్లయింట్ దాకా వెళ్లిపోతుంది. బ్లెయిర్, మారన్‌ల పరీక్షలో లాయర్లు మోసపోయింది దీని దగ్గరే.

కనిపించనివాటిని కొలవడానికి ఒక తేలికైన దారి ఉంది. లక్ష పత్రాలు ఉన్నాయనుకుందాం. సాఫ్ట్‌వేర్ 10,000 ఏరి ఇచ్చింది, మిగతా 90,000 అక్కర్లేదంది. అందరూ ఆ పదివేలే చదువుతారు. చూడాల్సింది పక్కన పెట్టిన కుప్పను. అందులోంచి ఏ ఎంపికా లేకుండా 1,500 పత్రాలు తీసి మనుషులు చదవాలి. వాటిలో 15 పనికొచ్చేవి కనిపిస్తే అది ఒక శాతం. అంటే ఆ కుప్ప మొత్తంలో సుమారు 900 తప్పిపోయి ఉంటాయి. ఏరిన పదివేలలో నిజంగా పనికొచ్చేవి 8,000 అయితే మొత్తం 8,900లో 8,000 దొరికాయి, అంటే దాదాపు 90 శాతం. ఈ లెక్కకు గణితంలో పట్టా అక్కర్లేదు, 1,500 పత్రాలు చదివే ఓపిక ఉంటే చాలు. ఎదుటి పక్షం ‘మీ పద్ధతి సరైనదేనా’ అని కోర్టులో నిలదీస్తే చూపించడానికి ఒక ఆధారం చేతిలో ఉంటుంది.

చిన్న నమూనాతో తొందరపడకూడదు అన్నది కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. వంద పత్రాల్లో ఒక్క తప్పూ కనిపించకపోతే తప్పులు లేనట్టు కాదు. గణాంకశాస్త్రం ప్రకారం అసలు తప్పుల రేటు అప్పటికీ మూడు శాతం దాకా ఉండే అవకాశం ఉంది. 300 చూసినా ఒక్కటీ రాకపోతే అప్పుడు ఆ పరిమితి ఒక శాతానికి దిగుతుంది. పది ఒప్పందాలు ఇచ్చి ‘అద్భుతంగా ఉంది’ అని సంతకం పెట్టేసే పార్ట్‌నర్ల దగ్గర ఈ అంకెలు రాసి ఉన్న కాగితం ఒకటి ఉండాలి.

కోర్టులు యంత్రాల నుంచి పరిపూర్ణత కోరడం లేదు. 2012లో డా సిల్వా మూర్ కేసులో న్యూయార్క్ మేజిస్ట్రేట్ జడ్జి ఆండ్రూ పెక్, తగిన కేసుల్లో పత్రాల ఏరివేతకు కంప్యూటర్ సాయం తీసుకోవచ్చని ఆమోదించారు. 2016లో ఇంగ్లండ్ హైకోర్టు పిర్రో కేసులో ముప్పై లక్షలకు పైగా పత్రాల విషయంలో అదే దారిలో నడిచింది. మనుషులు ఒక్కొక్కటీ చదివితే అదే బంగారు ప్రమాణం అన్న భావనను ఈ తీర్పులు పక్కన పెట్టాయి. పద్ధతి ఏమిటో పారదర్శకంగా చెప్పగలగాలి, ఫలితాన్ని పరీక్షించి చూపగలగాలి. ఇవే కోర్టులు చూస్తున్నవి.

ఉన్న తీర్పు, లేని అర్థం

మాటలు అల్లే ఏఐ విషయంలో కష్టం ఇంకో రకం. 2023లో న్యూయార్క్‌లోని మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో చాట్‌జీపీటీ సృష్టించిన, అసలు లేని ఆరు తీర్పులు కోర్టు ముందుకు వచ్చాయి. వాటిని పెట్టిన లాయర్లకు జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ ఉత్తర్వును జాగ్రత్తగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. సాయం కోసం నమ్మదగిన ఏఐ పనిముట్టు వాడటంలో స్వతహాగా తప్పు లేదని జడ్జి మొదట్లోనే రాశారు. శిక్షకు దారి తీసింది అక్షరం కూడా సరిచూడకపోవడం, ఆ తీర్పులు ఎక్కడున్నాయని అడిగిన తర్వాత కూడా వెనక్కి తగ్గకపోవడం. తీర్పు నిజమైనదేనా అని లాయర్ అడిగింది కూడా అదే చాట్‌జీపీటీని. అవునంది.

అసలు లేని తీర్పును పట్టుకోవడం సులువే. డేటాబేస్‌లో వెతికితే దొరకదు, అంతటితో సరి. అంతకంటే ప్రమాదకరమైనది, తీర్పు నిజమైనదే కానీ అందులో ఆ మాట లేకపోవడం. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు న్యాయ పరిశోధన కోసమే ప్రత్యేకంగా తయారైన, పేరున్న సంస్థల ఏఐ ఉత్పత్తులను పరీక్షించారు. పనిముట్టును బట్టి 17 నుంచి 33 శాతం జవాబుల్లో కల్పితమో, ఆధారానికి సరిపోనిదో కనిపించింది. ఆ తర్వాత ఆ ఉత్పత్తులు మారాయి, మారుతూనే ఉంటాయి. అందుకే ఆ శాతాన్ని ఇవాళ్టి లెక్కగా పట్టుకోకూడదు. పట్టుకోవాల్సింది తప్పు తీరును. సైటేషన్, అంటే తీర్పు పేరు, నంబరుతో ఇచ్చే ప్రస్తావన, సరిగ్గా ఉంటుంది, లింకు నొక్కితే తీర్పు తెరుచుకుంటుంది, కానీ ఆ తీర్పు చెప్పింది ఇంకోటి. లింకు పనిచేసిందని టిక్కు పెట్టేసే తనిఖీకి ఇది దొరకదు. సంబంధిత పేరా చదివితేనే దొరుకుతుంది.

ఇక్కడే సమయం లెక్క మారిపోతుంది. ఒక నోట్ చేత్తో తయారు చేయడానికి నాలుగు గంటలు పట్టేదనుకుందాం. ఏఐ పది నిమిషాల్లో ఇచ్చింది. కానీ అందులోని పన్నెండు తీర్పులూ తెరిచి, పేరా చదివి, పైకోర్టు తర్వాత కొట్టివేయలేదని చూసుకోవడానికి రెండున్నర గంటలు, తప్పులు దిద్ది తిరిగి రాయడానికి ఇంకో గంట పడితే మిగిలింది ఇరవై నిమిషాలే. అదే పనిముట్టు 80 పేజీల వాంగ్మూలం నుంచి తేదీల పట్టిక తీయడంలో మూడు గంటలు ఆదా చేయవచ్చు, ఎందుకంటే అక్కడ ప్రతి తేదీ పక్కన పేజీ నంబర్ ఉంటుంది, సరిచూడటం తేలిక. తయారు చేయడం కష్టం, సరిచూడటం సులువు అయిన పనుల్లో ఏఐ బాగా అక్కరకొస్తుంది. తయారు చేసినంత సేపూ సరిచూడాల్సిన పనుల్లో పెద్దగా రాదు. ఏ పనికి వాడాలన్న నిర్ణయానికి ఇంతకంటే మంచి గీటురాయి దొరకదు.

‘మా ఫర్మ్‌లో ఏఐ వాడము’ అని నిర్ణయించుకుంటే ఈ బెడద లేదనుకోవడం కూడా పొరపాటే. 2025 జూన్‌లో ఇంగ్లండ్ హైకోర్టు డివిజనల్ కోర్టు రెండు కేసుల్లో కలిపి తీర్పు ఇచ్చింది. అందులో ఒకటి 8.94 కోట్ల పౌండ్ల దావా. దాఖలు చేసిన 45 సైటేషన్లలో 18 అసలు లేనే లేవు. వాటిని తయారు చేసింది లాయర్ కాదు, స్వయంగా క్లయింట్. ఆయన ఏఐతో పరిశోధన చేసి పంపితే, ఆయన సొలిసిటర్, అంటే లాయర్, సరిచూడకుండా వాడుకున్నారు. అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియాలో ఇంకోటి జరిగింది. ఒక ఫర్మ్‌లోని లాయర్ ఏఐ సాయంతో వాదన రూపురేఖలు రాసి, అదే కేసులో కలిసి పనిచేస్తున్న ఇంకో ఫర్మ్‌కు పంపారు. అది ఏఐ నుంచి వచ్చిందని వాళ్లకు తెలియదు. అలాగే బ్రీఫ్‌లో, అంటే కోర్టుకు ఇచ్చే రాతపూర్వక వాదనలో, చేర్చేశారు. 27 సైటేషన్లలో దాదాపు 9 ఏదో ఒక రకంగా తప్పు, కనీసం రెండు తీర్పులు పుట్టనే లేదు. ఫర్మ్‌ల మీద సుమారు 31,000 డాలర్ల భారం పడింది. దాన్ని విధించిన రిటైర్డ్ జడ్జి, ఆ బ్రీఫ్ చదివి తాను కూడా దాదాపు నమ్మేశానని ఉత్తర్వులోనే రాశారు.

ఈ రెండిటినీ చూస్తే నియమం ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ‘ఏఐ వాడితే సరిచూడండి’ అనే నియమం చాలదు, ఏఐ వాడిన సంగతి ఆ పని అందుకున్నవాడికి తెలియకపోవచ్చు. ఎవరు రాసినా, ఎక్కడి నుంచి వచ్చినా, కోర్టు గుమ్మం దాటే ప్రతి సైటేషన్‌ను ఒక మనిషి తెరిచి చదివాడని, ఆ మనిషి పేరుతో సహా ఫైలులో రాసి ఉండాలి. పని చేతులు మారినప్పుడల్లా ఇందులో ఏ భాగం ఎలా తయారైందో ఒక వాక్యం వెంట వెళ్లాలి.

క్లయింట్ నమ్మకం ఎవరి సర్వర్ మీద ఉంది

గోప్యత గురించి ప్రతి వెండర్ భరోసా ఇస్తాడు. మార్కెటింగ్ కాగితంలోని భరోసా వేరు, ఒప్పందంలోని షరతు వేరు. ఒప్పందం చదవడమే వృత్తిగా ఉన్నవాళ్లు తాము సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ ఒప్పందాన్ని చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కడం విచారకరం. ఎక్కించిన పత్రాలు ఏ దేశంలోని సర్వర్‌లో ఉంటాయి, వాటితో మోడల్‌కు శిక్షణ ఇస్తారా, ఎన్ని రోజులు దాచుకుంటారు, వెండర్ వెనుక ఉన్న ఇంకో కంపెనీకి అవి కనిపిస్తాయా, దుర్వినియోగం తనిఖీ పేరుతో ఎవరైనా ఉద్యోగి తెరిచి చూడగలడా, తుడిచేయమంటే బ్యాకప్‌లలో కూడా పోతాయా అన్నవి రాతపూర్వకంగా తేలాలి. ఉచితంగా దొరికే చాట్‌బాట్‌కు, ఫర్మ్ డబ్బు కట్టి తీసుకున్న అదే కంపెనీ సేవకు షరతులు వేరుగా ఉంటాయన్న సంగతి అందరికీ చెప్పాలి. అర్ధరాత్రి డ్రాఫ్ట్ టెన్షన్‌లో ఉన్న జూనియర్ సొంత ఫోన్‌లోని ఉచిత యాప్‌లో క్లయింట్ ఒప్పందం పెట్టేస్తే ఫర్మ్ విధానపత్రం ఎంత బాగా రాసి ఉన్నా లాభం లేదు. అలా జరగకుండా ఆపేది నిషేధం కాదు, సురక్షితమైన పనిముట్టు అంతే సులువుగా అందుబాటులో ఉండటం.

లా ఫర్మ్ అంటే వందల మంది రహస్యాలు ఒకే చోట ఉన్న గది. 2016లో పనామాలోని మొసాక్ ఫొన్సెకా అనే లా ఫర్మ్ నుంచి 1.15 కోట్ల పత్రాలు బయటికి వచ్చి పనామా పేపర్లుగా ప్రపంచమంతా మోగాయి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ తాకిడికి డీఎల్ఏ పైపర్ లాంటి అంతర్జాతీయ ఫర్మ్‌లో ఫోన్లు, ఈమెయిల్ ఆగిపోయాయి. కొత్తగా జోడించే ప్రతి సాఫ్ట్‌వేర్ ఆ గదికి ఇంకో తలుపు. అందుకే కొత్తది తెచ్చినప్పుడల్లా, వాడకంలో లేని పాతది ఏదైనా మూసేయగలమా అని చూడటం మంచి అలవాటు.

వెండర్ రేపు ఉంటాడా అన్నది కూడా అడగాలి. న్యాయ పరిశోధన ఏఐలో ముందువరుసలో పేరు తెచ్చుకున్న రాస్ ఇంటెలిజెన్స్ మీద 2020లో న్యాయ సమాచారం అమ్మే పెద్ద సంస్థ థామ్సన్ రాయిటర్స్ కాపీరైట్ దావా వేసింది. ఆ వ్యాజ్యం ఖర్చు మోయలేక రాస్ 2021 జనవరి చివర్లో సేవలు ఆపేసింది. ఉత్పత్తి బాగుండటం వేరు, కంపెనీ నిలబడటం వేరు. మన డేటా మనకు తెరవగలిగే రూపంలో తిరిగి వస్తుందా, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో అన్నది చేరే రోజునే రాయించుకోవాలి. విడిపోయే రోజున బేరమాడే బలం ఉండదు.

గంటల బిల్లు దగ్గర ముడి

ఫర్మ్‌లలో టెక్నాలజీ నిదానంగా కదలడానికి లాయర్ల సంప్రదాయ మనస్తత్వం కారణమని తరచుగా అంటారు. అంతకంటే బలమైన కారణం బిల్లులో ఉంది. గంటల లెక్కన ఫీజు తీసుకునే చోట ఐదు గంటల పని ఒక గంటలో అయితే ఫర్మ్‌కు నాలుగు గంటల రాబడి పోతుంది. ఖర్చు పెట్టి మరీ రాబడి తగ్గించుకోమంటే ఏ పార్ట్‌నర్ ఉత్సాహం చూపిస్తాడు? ఈ ముడి విప్పకుండా శిక్షణ తరగతులు ఎన్ని పెట్టినా ఫలితం ఉండదు.

అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2012లోనే సమర్థత నియమానికి రాసిన వ్యాఖ్యలో, సంబంధిత టెక్నాలజీ లాభనష్టాలు లాయర్ తెలుసుకుని ఉండాలని చేర్చింది. 2024 జూలైలో ఇచ్చిన 512వ నంబర్ అభిప్రాయంలో ఫీజు గురించి సూటిగా చెప్పింది. ఏఐకి వివరాలు ఇవ్వడానికి పదిహేను నిమిషాలు పడితే ఆ పదిహేను నిమిషాలకు, తర్వాత డ్రాఫ్ట్‌ను సరిచూసిన సమయానికి మాత్రమే బిల్లు వేయవచ్చు. చేత్తో రాస్తే పట్టేదని చెప్పి పాత గంటలు వేయకూడదు. మామూలు వాడకం కోసం పనిముట్టు నేర్చుకున్న సమయాన్ని కూడా క్లయింట్ ఖాతాలో రాయకూడదు. ఇంకో మాట కూడా అందులో ఉంది. ఇచ్చిన సమాచారం నుంచి నేర్చుకునే రకం ఏఐలో క్లయింట్ రహస్యాలు పెట్టాలంటే, వకాలత్ ఒప్పందంలో మూస వాక్యం చేర్చడం చాలదు, ఏం జరుగుతుందో విడమరిచి చెప్పి అనుమతి తీసుకోవాలి.

ముడి విప్పే దారి ఏమిటంటే, ముందు చెప్పిన సొంత పని లెక్క ఇక్కడ రెండోసారి ఉపయోగపడుతుంది. ఒక రకం పనికి సగటున ఎంత ఖర్చు అవుతుందో తెలిసిన ఫర్మ్ ఆ పనికి ఒకే మొత్తంగా ఫీజు చెప్పగలదు. అప్పుడు ఆదా అయిన గంట ఫర్మ్‌కు మిగులుతుంది, క్లయింట్‌కు ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. ఆ లెక్క లేని ఫర్మ్ ఒకే మొత్తం చెప్పడానికి భయపడుతుంది, భయపడటం సబబే. అన్ని పనులనూ ఒకేసారి మార్చనక్కర్లేదు. నెలకు పదుల సంఖ్యలో వచ్చే, తేడాలు తక్కువగా ఉండే ఒక్క రకం పనితో మొదలుపెడితే సరిపోతుంది.

చిన్న ఫర్మ్‌లకు ఈ విషయంలో ఒక మేలుంది. ముగ్గురు నలుగురు లాయర్లు ఉన్నచోట కమిటీలు అక్కర్లేదు, ఫీజు పద్ధతి ఒక వారంలో మార్చవచ్చు. వాళ్లకు లేనిది భద్రతను పరిశీలించే ఐటీ విభాగం. అందుకని వాళ్లు పనిముట్లు తక్కువ పెట్టుకుని, ఉన్నవాటిని లోతుగా తెలుసుకోవడం మేలు.

జూనియర్ ఎలా నేర్చుకుంటాడు

అన్నిటికంటే తక్కువ చర్చ జరుగుతున్నది, అన్నిటికంటే ఎక్కువ జరగాల్సినది దీని మీద. వందల ఒప్పందాలు చదివీ చదివీ ఒక జూనియర్‌కు ‘ఈ షరతు ఎక్కడో తేడాగా ఉంది’ అనే స్పృహ వస్తుంది. ఆ చదివే పనే ఇప్పుడు యంత్రానికి పోతోంది. యంత్రం చేసినదాన్ని సరిచూడమని జూనియర్‌కు ఇస్తున్నారు. కానీ సరిచూడటానికి కావలసిన స్పృహ ఆ చదువు నుంచే వచ్చేది. పదేళ్ల తర్వాత యంత్రం తప్పును పట్టుకోగల సీనియర్ ఎక్కడి నుంచి వస్తాడు?

దీనికి ఒక పద్ధతి సాధ్యమే. కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది కొన్ని ఫైళ్లను ముందు చేత్తో చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఫలితంతో పోల్చాలి. తాను వదిలేసి యంత్రం పట్టుకున్నవి, యంత్రం వదిలేసి తాను పట్టుకున్నవి రెండు వరుసలుగా రాయాలి. నెలకోసారి సీనియర్ వాటి మీద అరగంట కూర్చుని మాట్లాడాలి. ఈ సమయానికి బిల్లు ఉండదు. అయినా ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. జూనియర్ నేర్చుకుంటాడు, పనిముట్టు ఎక్కడ తడబడుతుందో ఫర్మ్‌కు నిత్యం తెలుస్తూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, నిన్నటిదాకా సరిగ్గా చేసిన పని ఇవాళ తప్పు చేస్తే, మొదట పసిగట్టేది ఆ రెండు వరుసల పుస్తకమే.

ఆ పుస్తకం నిజాయతీగా నిండాలంటే తప్పు చెప్పినవాడికి చీవాట్లు పడకూడదు. తాను పంపిన డ్రాఫ్ట్‌లో ఒక సైటేషన్ తేడాగా ఉందని మర్నాడు గుర్తించిన జూనియర్, ఆ మాట చెప్పడానికి సీనియర్ గది తలుపు తట్టగలగాలి. తట్టలేని ఫర్మ్‌లో ఆ తప్పు కోర్టు హాల్లో ఎదుటి లాయర్ నోటి నుంచి వినాల్సి వస్తుంది.

ఇక కొన్న పనిముట్టును ఎప్పుడు ఆపాలో కొనేటప్పుడే రాసి పెట్టుకోవడం చాలా ఫర్మ్‌లు చేయని పని. ఆరు నెలల్లో ఈ రకం పనికి సగటు సమయం ఇంత తగ్గాలి, వదిలేసిన షరతుల శాతం ఇంతకు మించకూడదు, కనీసం ఇంతమంది వారానికి ఒకసారైనా వాడుతూ ఉండాలి అని అంకెలతో రాసి, దాన్ని తేవాలని పట్టుబట్టిన పార్ట్‌నర్ కాకుండా వేరే ఒకరి చేతికి ఇవ్వాలి. ఆరు నెలలు గడిచిన రోజున ఫర్మ్ పాత ఫైళ్లలోంచి ఇంకో 50 కొత్తగా తీసి, అదే పరీక్ష మళ్లీ పెట్టి, వచ్చిన అంకెలు ఆ కాగితం మీద రాసిన అంకెల పక్కన రాయాలి. లైసెన్స్ పొడిగింపు గడువు దానికి నెల రోజుల తర్వాత ఉండేలా ముందే చూసుకోవాలి.